కిటికీ పక్క బెంచీలో రెండు జడలు

పొద్దున బెల్లు కొట్టగానే లెక్కల టీచరమ్మ పదో తరగతి గదిలోకి వస్తుంది. ఫ్యాను వేస్తుంది, బోర్డు తుడుస్తుంది, "సర్దుకుని కూర్చోండర్రా" అంటుంది. ఆ మాట పిల్లలకే కాదు, నీడలకి కూడా. ఆ బడిలో పదో తరగతి మధ్యలో మానేసినవాళ్లు పుస్తకాలు, టిఫిన్ డబ్బా అన్నీ తీసుకుపోతారు గానీ, నీడ మాత్రం బెంచీ మీదే ఉండిపోతుంది. ఊడ్చే ఆవిడ వాటి కాళ్ల చుట్టూ చీపురు తిప్పుకుంటుంది. పిల్లలు "కాస్త జరుగు" అంటే జరుగుతాయి. పాపం, అల్లరే ఎరగవు.

మానేసినవాళ్లు ఎక్కడికీ పోరు, ఊళ్లోనే ఉంటారు. టైరు షాపులోనో, కూరల బండి దగ్గరో, ఎంత ఎండ కాసినా కాళ్ల కింద ఏమీ పడకుండా తిరుగుతుంటారు. "ఓహో, నువ్వూ మన బడేనా!" అని ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటారు.

అన్ని ఇళ్ల పిల్లలూ అలా మానేస్తారా అంటే, అదెక్కడి మాట! గోడ వైపు బెంచీల్లో గుమాస్తాల పిల్లలు, షాపులవాళ్ల పిల్లలు కూర్చుంటారు. రైలు పట్టాల అవతలివాళ్లు, తాపీ పనివాళ్ల పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడుకునేవాళ్లు కిటికీ వైపు. నీడలన్నీ కిటికీ వైపే. పెద్దసారు ఏటా పైఆఫీసుకి వివరాలు పంపుతాడు: పిల్లలెంతమంది, వాళ్ల అమ్మానాన్నలేం చేస్తారు, ఎంతమంది పాసయ్యారు. నీడల గురించి ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. పాసయినవాళ్లు మాత్రం ఎప్పుడూ నూటికి నూరు. ఎలాగయ్యా అంటే, పరీక్షలకి నెల ముందు, తప్పేలా ఉన్నవాళ్ల ఇంటికి కబురు పెట్టి, మెత్తగా నచ్చజెప్పి, టీసీ చేతిలో పెట్టేస్తాడు. ఇంక తప్పడానికి ఎవరుంటారు, గోడలా?

ఆ కబురు పెట్టే పని టీచరమ్మది. బోర్డు వైపు తిరిగి లెక్క చేస్తుంటే ఆమెకి వీపు మీద చూపులు తెలుస్తుంటాయి. కళ్లు లేనివాటికి చూపులేమిటని తనకి తానే సర్దిచెప్పుకునేది. అయినా భయమే.

ఈసారి వంతు నత్తది. నత్తంటే పిల్లలు పెట్టిన పేరు. లెక్క తప్పు చేయదు, కానీ ఒక్కో అడుగూ సరిచూసుకుంటూ పోతుంది. సగం పేపరు కాకముందే బెల్లు మోగుతుంది. అది కూర్చునేది కిటికీ పక్క బెంచీలో, రెండు జడల నీడ పక్కన. ఆ నీడ వాళ్లమ్మదే. వాళ్లమ్మ వీధి చివర ఇస్త్రీ చేస్తుంది. తనూ ఇదే గదిలోంచి, ఇదే వయసులో వెళ్లిపోయింది. ఇంట్లో అమ్మకి జుట్టు నెరుస్తోంది, బెంచీలో అమ్మకి ఇంకా పదిహేనేళ్లే. నత్తకి ఇందులో వింతేమీ లేదు. లెక్క తెగకపోతే ఆ నీడ భుజానికి ఆనుకుని కూర్చునేది.

కబురందుకుని ఇస్త్రీ ఆవిడ మధ్యాహ్నం వచ్చింది. మానేశాక ఆమె గేటు దాటి లోపలికి రావడం అదే మొదలు.

"ఏం లేదమ్మా," అన్నాడు పెద్దసారు, "పిల్ల ఇంట్లోనే చదువుకుని, వచ్చే ఏడు బయట నుంచి రాసుకోవచ్చు."

"నాకూ అప్పట్లో ఇదే చెప్పారండీ."

"అప్పుడు నేను లేనుగా!"

ఆవిడ ఏమంటుంది? పెద్దవాళ్లు చెబుతున్నారు. సంతకం పెట్టింది. కూతుర్ని తీసుకెళ్లడానికి గది గుమ్మం దగ్గరికి వచ్చి, లోపల రెండు జడలు వేసుకుని కూర్చున్న తనని తాను చూసుకుంది.

నత్త సంచీ తగిలించుకుని లేచింది. అందరి నీడల్లాగే దాని నీడ కూడా కాళ్ల దగ్గర విడిపోయి, బెంచీ మీద కూర్చోబోయింది. రెండు జడల నీడ జరగలేదు. జరగకపోగా చేతులు చాపి బెంచీ అంతా పరుచుకుంది. పిల్ల నీడ వెనక బెంచీకి పోయింది. అక్కడి నీడలూ పరుచుకున్నాయి. కిటికీ వైపంతా ఒక్కటే నలుపు, గోరు పెట్టే సందు లేదు. పిల్ల నీడ దిక్కులు చూసి చూసి, గుమ్మం దాటుతున్న నత్త వెనకే పరుగెత్తి కాళ్లకి చుట్టుకుంది.

"మళ్లీ ఒకసారి లోపలికొచ్చి వెళ్లమ్మా," అన్నాడు నత్తతో, టీసీ పట్టుకుని వెంట వచ్చిన పెద్దసారు నుదురు తుడుచుకుంటూ.

వెళ్లింది. మళ్లీ అంతే.

టీచరమ్మకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "నీడ కూడా వెంటపడి వచ్చేస్తుంటే మానేసినట్టెలా అవుతుంది సార్? ఈ పిల్ల మానలేదు. టీసీ ఇలా ఇచ్చేయండి," అని ఆయన చేతిలోంచి లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. ఆయన ఆ ముక్కలు ఏరుకుని తన గదికి వెళ్లిపోయాడు. నీడ ఉండిపోతేనే మానేసినట్టని ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కదా.

నత్త తిరిగి బెంచీ దగ్గరికి వెళ్లింది. రెండు జడల నీడ మెల్లిగా చోటిచ్చింది.

పరీక్షలు రాసింది. ఫలితాలు బడి గోడ మీద అంటించిన రోజు పెద్దసారు గదిలోంచి బయటికి రాలేదు. ఇస్త్రీ ఆవిడ గేటు బయట ఎండలో నిలబడి ఉంది. కూతురు తల వంచుకుని వచ్చింది. టీచరమ్మ వరండాలోంచి చూస్తోంది.

"వెనకాల వస్తోందా?" అంది తల్లి.

"ఏదమ్మా?"

"అదే. చూసి చెప్పు. నాకు చూడాలంటే భయంగా ఉంది."

నత్త వెనక్కి తిరిగింది. మట్టి మీద తన నీడ, సంచీతో, చెదిరిన జుట్టుతో పొడుగ్గా పడి ఉంది.

"ఉందమ్మా."

తల్లి గట్టిగా ఏడ్చేసింది. కొంగుతో ముఖం తుడుచుకున్నాక, అప్పుడడిగింది పాసయిందా లేదా అని.

"లెక్కల్లో పోయింది. సగంలోనే బెల్లు కొట్టేశారు."

"పోతే పోయిందిలే. మళ్లీ రాద్దువు గాని, పద."