ఏకాదశినాడు కప్ప పరీక్ష

ఆదివారం జోగిపేట నుంచి అమ్మాయి తరఫువాళ్లు వస్తున్నారు. పెళ్లికొడుకు ఎవరో కాదు, నా మొగుడు ప్రహ్లాదే. మూడేళ్లయినా నా కడుపు పండలేదని మా అత్త సరస్వతి అతనికి రెండో సంబంధం చూసింది. సరిగ్గా అప్పుడే నాకు నెల తప్పింది. గర్భమైతే సంబంధం ఆగుతుంది, కాకపోతే నేను పుట్టింటికి మూట కట్టుకోవాలి. ముద్ద దిగడం లేదు. అది కడుపు వల్లో భయం వల్లో తెలియక పిచ్చెక్కిపోతోంది.

పటాన్‌చెరులో మా మామ నడిపే కిరాణా దుకాణం మాది. సంగారెడ్డి డాక్టరు సూర్యప్రకాశరావు కప్పతో కడుపు సంగతి తేలుస్తాడని, సరుకులకొచ్చే ఫ్యాక్టరీ వాళ్ల భార్యలు చెప్పారు. పొద్దున నోట్లో నీళ్లు పడకముందు పట్టిన మూత్రం తీసుకెళ్లాలట. దాన్ని మగకప్పకు సూదితో ఎక్కిస్తారు. గర్భముంటే కొన్ని గంటల్లో ఆ కప్ప మూత్రంలో వీర్యకణాలు కనిపిస్తాయి. హైదరాబాదులో కప్పలతో పనిలేని పరీక్ష అప్పటికే వచ్చిందంటారు. వస్తే వచ్చింది, మా దాకా రాలేదు.

శుక్రవారం అత్తా నేనూ బస్సెక్కాం. ఆరోజు తొలి ఏకాదశి. అత్త ఒక్కపొద్దుంటే చుక్క నీళ్లు కూడా ముట్టదు. నేను మాత్రం సీసా నింపి, చాయ్ తాగి బయల్దేరాను. కంది అనే ఊరి దగ్గర డ్రైవరు బ్రేకు వేశాడు. ఒళ్లోని సీసా జారి, మూత ఊడి, ఉన్నదంతా బస్సు పాలైంది.

"మళ్ల పట్టియ్" అంది అత్త, దవాఖాన ముందు.

"చాయ్ తాగిన గదా అత్తమ్మా. రేపొద్దుగాల వద్దాం."

"రేపు లారీ సరుకు దిగుతది. ఎల్లుండి వాళ్లొస్తరు." నా చేతిలోని ఖాళీ సీసా లాక్కుంది. "నేను రాత్రి సంది చుక్క ముట్టలె. నాది పనికొస్తది."

"మీదా?"

"ఒక్క కుండ నీళ్లు తాగుతున్నం, ఒక్క పొయ్యి మీద తింటున్నం. గా కప్పకు గావాల్సింది ఒక్కపొద్దే గదా!"

ఆమె మనస్ఫూర్తిగానే అంది. నాకు ఒళ్లు మండింది. నోరు తెరిస్తే, సీసా కూడా పట్టుకోవడం రాని కోడలని అత్త ఊరంతా చెబుతుంది. అత్త మరుగుదొడ్డికెళ్లి సీసా నింపుకొచ్చి, నా పేరు చెప్పి డాక్టరుకిచ్చింది.

ఇక ఎదురుచూపు. బల్ల మీద కూర్చోలేను, నిలబడలేను. లోపల తొట్టిలో కప్పలు బెకబెకమంటుంటే వాటి పీక నొక్కాలనిపించింది. నలభై దాటిన మనిషి మూత్రానికి ఏ కప్పయినా లేదనే అంటుంది. నా కాపురం అత్త ఒక్కపొద్దుతో మునిగిపోతోంది.

మధ్యాహ్నం దాటాక డాక్టరు నవ్వుతూ వచ్చాడు. "విమలకు గర్భమే అమ్మా. అనుమానం లేదు."

నా గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణం ఆ సీసా ఎవరిదో గుర్తొచ్చి అత్త వైపు చూశాను. ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

డాక్టరు లోపలికి వెళ్లాక నెమ్మదిగా అంది. "రెండు నెల్ల సంది బందైంది. వయసు మళ్లిందనుకున్న." నా చెయ్యి పట్టుకుంది. "నీకే అని చెప్దాం విమలా. పుట్టినంక నీ ఒళ్లెనే ఏస్త. లేకుంటే సిగ్గుతోటి సస్త."

"మరి నాగ్గూడ నిలిస్తే?"

ఆమె మీద జాలేసింది. నన్ను వెళ్లగొట్టబోయే మనిషి మీద జాలేమిటని నా మీద నాకే కోపమొచ్చింది.

"మీ బిడ్డను మీరే కనుండ్రి అత్తమ్మా. రేపు నా సీసా నేను తెచ్చుకుంట. ఇంటికి పోకముందే జోగిపేటకు కబురు పంపుండ్రి, ఆదివారం రావద్దని."

"ఏమని పంపాలె?"

"ఇంట్ల కడుపుతోటున్నరని చెప్పుండ్రి. ఎవరో చెప్పకుండ్రి."

అత్త కొంగు సర్దుకుని, కండక్టరుతో కబురు పంపడానికి జోగిపేట బస్సు వైపు నడిచింది. మూడేళ్లలో ఆమె నా మాట వినడం అదే మొదటిసారి. నా సంగతి మాత్రం నాకింకా తెలియదు.