పధ్నాలుగో రోజు గుడ్డు

గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది.

అలెక్సినా దాన్ని చెంపకు ఆనించుకుంది. కోళ్ల గూటి బయట చలి... ఉమ్మితే నేల చేరేలోపే గడ్డకట్టే చలి. క్వెబెక్‌లో ఫిబ్రవరి.

ఇది పధ్నాలుగో రోజు.

పధ్నాలుగు రోజుల కిందట పుంజు పోయింది. తెల్లటి షాంటెక్లేర్ పుంజు. నెత్తిన ఎర్రజుట్టు ఉందా అంటే ఉంది — బఠాణీ గింజంత. చలి కొరకడానికి ఏమీ మిగల్చని తల. పొరుగు పుంజుల జుట్లు చలికి నల్లబడి రాలే రోజుల్లో కూడా అది కంచె ఎక్కి కూసేది.

చలి తీసుకుపోలేదు దాన్ని. నక్క తీసుకుపోయింది.

ఆ జాతి పుంజు చుట్టుపక్కల ఇంకొకటి లేదు. భర్త ఒవిలా మంచులో ఈకలు ఏరి, టోపీలో వేసుకుని ఇంట్లోకి వచ్చాడు.

"పుంజు పోయినా పెట్టల కడుపులో దాని బీజం రెండు వారాలుంటుందే. ఈ గుడ్లు ఒక్కటీ ముట్టుకోకు. నీ ఆమ్లెట్ల పిచ్చి కాస్త మానుకో."

"చాల్లే, తినే నోరెవరిదో ఊరంతా ఎరుగును!"

రోజూ నాలుగో ఐదో గుడ్లు. చల్లటి కొట్టుగదిలో, ఓట్స్ గింజల్లో, మొన కిందికి. ముసలి పెట్ట పొదుగుకు కూర్చునేదాకా.

తొమ్మిదో రోజు, మంచు తోడి గూటికి దారి చేస్తూ, ఒవిలా పార మీదే ఒరిగిపోయాడు.

ఇంటినిండా జనం. జపమాలలు, పొగాకు, కాఫీ. అలెక్సినా కుర్చీలోంచి లేవలేదు. ఎవరో చేతిలో కేకు ముక్క పెట్టారు. తింది. బాగుంది.

ఇంకో ముక్క అడిగి తింది.

నేల రాయిలా ఉంది, గొయ్యి తవ్వడం కుదరదు. ఒవిలాను చర్చి పక్క రాతిగదిలో ఉంచారు. మంచు కరిగేదాకా... చలిలో... ఎదురుచూస్తూ.

ఇవాళ పొద్దున కొట్టుగది తలుపు తీసింది. గింజల్లో గుంటలు. గుడ్లు లేవు.

ఒవిలా చెల్లెలు దెలిమా వెనకే వచ్చింది.

"నేనే కేకులకి వాడాను వదినా. వచ్చినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాలిగా. ఫాదర్ కూడా మారడిగాడు, తెలుసా! అలా చూస్తావేం? మళ్లీ పెడతాయిలే."

"పెడతాయి," అంది అలెక్సినా.



గూటికి పరిగెత్తింది. ఈ నాలుగు రోజుల గుడ్లు ఎవరూ ఏరలేదు. గడ్డకట్టి, నిలువునా పగిలి ఉన్నాయి. ముసలి పెట్ట మాత్రం రెక్కలు పరిచి కూర్చుంది. కదిలిస్తే పొడిచింది. పొదుగుకొచ్చింది!

పక్క గడ్డిలో ఒక్కటి. అప్పుడే పెట్టింది.

పెట్ట కింద పెట్టాలి. చెయ్యి రావడం లేదు. చెంప మీద వెచ్చదనం... పెట్టదా, తనదా, లోపల ఇంకెవరిదోనా...

కంచె మీద ఎవరూ లేరు.

గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది.