ఆట మధ్యలో నీళ్లు

హైదరాబాదు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు పట్టాభిరామయ్యకు టెన్నిస్ పిచ్చి. ఆ పిచ్చి తనదాకా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. డెబ్భై రెండో సంవత్సరం వేసవిలో ఫ్యాక్టరీ క్లబ్బు డబుల్స్ పోటీ పెట్టింది. దానికి జోడీగా తన కింద పనిచేసే ఫిట్టరు బాలనర్సయ్యను పట్టుకున్నాడు.

బాలనర్సయ్యది ఊరవతల గుట్టల్లో ఉన్న కొత్తగూడ. రోజూ ఆ గుట్టల మధ్య నుంచి సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వచ్చే మనిషి. బంతి ఎటు పడ్డా వదిలేవాడు కాదు. అయినా దమ్ము చాలదని తేల్చాడు పట్టాభిరామయ్య. డ్యూటీ దిగగానే మైదానం చుట్టూ పది రౌండ్లు, మూడు వందలసార్లు తాడు గెంతడం, ఆపైన గంట ఆట. అన్నిటికీ మించి ఒక నియమం: మధ్యలో చుక్క నీళ్లు ముట్టకూడదు. నీళ్లు తాగితే కాళ్లు బరువెక్కుతాయని, దాహం ఓర్చుకుంటేనే దమ్ము పెరుగుతుందని కాకినాడ కాలేజీలో డ్రిల్లు మాస్టారు చెప్పిన మాట ఆయనకు వేదం. ఆ రోజుల్లో అందరూ అదే అనేవారు లెండి.

బాలనర్సయ్య ఎదురు చెప్పలేదు. నాలిక పిడచగట్టినా మైదానం పక్కనున్న నీళ్ల కుండ వైపు చూసేవాడు కాదు. ఓర్పంటే అదీ అని పట్టాభిరామయ్య క్లబ్బులో కనిపించినవాడికల్లా చెప్పి మురిసిపోయాడు. పైఅధికారికి తలొంచడాన్ని ఓర్పనుకున్నాడు, అంత చదువుకున్న మనిషి!

ఫైనల్ మే నెల ఎండలో పడింది. రెండో సెట్టు అయ్యేసరికి బాలనర్సయ్యకు చెమట పట్టడం ఆగిపోయింది. మొహం కందిపోయింది. కుండ దగ్గర నిలబడి, "సార్, జర నోరు తడుపుకుంట" అన్నాడు. అన్ని వారాల్లో అతను అడిగింది ఆ ఒక్కసారే.

"ఇంకొక్క సెట్టేనయ్యా, ఓర్చుకో" అన్నాడు పట్టాభిరామయ్య. అని, చొక్కా మార్చుకునే నెపంతో క్లబ్బు గదిలోకి వెళ్లి, తను మాత్రం రెండు గ్లాసులు గటగటా తాగి వచ్చాడు. సిగ్గుండాలి!

మూడో సెట్టులో బాలనర్సయ్య సర్వీసుకని బంతి ఎగరేశాడు. అది కిందపడే లోపలే తను పడిపోయాడు.

దవాఖానలో మూడు రోజులు స్పృహ లేదు. పట్టాభిరామయ్య ఆ వరండా వదల్లేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఆట సంగతి అటుంచి ఇక బరువు పని కూడా చెయ్యకూడదని డాక్టరు చెప్పాడు. బాలనర్సయ్య భార్య కిష్టమ్మ నాలుగు తిట్టి ఉంటే ఆయనకు కాస్త నయంగా ఉండేది. ఆమె తిట్టలేదు.

"మీరు చెప్పిండ్రని ఇంట్ల గుడ నీళ్లు తక్కువ తాగిండు సార్. అలవాటు గావాలె అన్నడు" అంది.

ఆయన ఆ రెండు గ్లాసుల సంగతి ఆమెకు చెప్పేద్దామనుకున్నాడు. మందుల ఖర్చు తను చూసుకుంటానని మాత్రం అన్నాడు.

నాలుగో రోజు బాలనర్సయ్య కళ్లు తెరిచాడు. డాక్టరు తాగించమన్నాడని కిష్టమ్మ నీళ్ల గ్లాసు నోటికి అందించింది. పెదవులు పగిలి ఉన్నా అతను తాగలేదు. మెల్లగా తల తిప్పి, మంచం పక్కన నిలబడ్డ పట్టాభిరామయ్య వంక చూశాడు.

"సార్, ఇగ తాగచ్చునా?"