ఐదో ఇంటి కొళాయి

"సాంపూనా? అట్లయితే రెండియ్యి మే, నా కోడలికి జుట్టు బారెడు" అంటూ వీరమ్మాళ్ చెయ్యి చాచింది.

కార్తిక అన్నది శాంపూ కాదు, శాంపిల్. "అవ్వా, మీ ఇల్లు శాంపిల్‌లో వచ్చింది" అంది, అంతే. ఆ మాట ముసలామె చెవికి చేరేలోగా నురగ కట్టింది.

విరుదునగర్ కాలేజీలో సామాజిక పరిశోధన పద్ధతుల్లో ఎమ్మే చదువుతున్నానని చెప్పి చూసింది.

"ఎమ్మేనా? 'ఏమ్మే' అని పిలిచేదానికి ఒక చదువా?"

"థీసిస్ రాయాల అవ్వా."

"తీసిస్సా? ఎవురికి ఏమి తీసిస్తావు?"

కార్తికదీ తమిళనాడే, అరుప్పుకోట్టై. ఇంట్లో మాట్లాడేది ఇదే తెలుగు. అయినా ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లోనూ దొరకలేదు, కాలేజీలోనూ దొరకలేదు. ఇక శాంపూ సంగతి వదిలేసి నీళ్ల సంగతి అడిగి, జవాబు రాసుకుని ముందుకు సాగింది.

అది కోవిల్‌పట్టి శివార్లలో అగ్గిపెట్టెల కార్ఖానా పనివాళ్ల కాలనీ. వరుసకు ఐదిళ్లు, ఇరవై వరుసలు, మొత్తం నూరిళ్లు. రోజూ నీళ్లు తేవడానికి ఇంటికి ఎంతసేపు పడుతుందన్నది పరిశోధన. నూరిళ్లూ తిరిగే తీరిక లేదు కనుక ఇరవై ఎంచాలి. పుస్తకంలో పద్ధతి ఉంది: ఒకటి నుంచి ఐదులోపు ఒక చీటీ తియ్యి, ఆ అంకె దగ్గర మొదలుపెట్టి ప్రతి ఐదో ఇంటికీ వెళ్లు. చీటీలో ఐదు వచ్చింది. చిన్నప్పుడు నోటితో అప్పజెప్పిన ఐదో ఎక్కాన్ని కార్తిక ఈసారి కాళ్లతో అప్పజెప్పింది.

తొందరకు కారణముంది. కిందటిసారి ఇచ్చిన కాగితాల్ని సుధాలక్ష్మి మేడమ్ తిప్పి పంపింది. మేడమ్ పేరుకు గైడు, పనికి గడువు. రేపు పదింటికి సరైన లెక్కలు బల్లమీద పెట్టకపోతే ఇంకో ఏడాది చదవాలి.

లెక్కలు మాత్రం ముచ్చటగా కుదిరాయి. ఇరవై ఇళ్లలో ఇరవై మందీ "ఐదు నిమిసాలు" అన్నారు. కాలనీకి నీటి కష్టం లేదని నోటు పుస్తకంలో రాసేసి, కింద గీత గీసి, బస్టాపుకు నడిచింది.

బస్టాపులో బస్సు లేదు, బిందెలున్నాయి. బిందెల వెనక, బావి దారిలో ఆమె కోసం ఆగిన ముప్పై మంది ఆడవాళ్లు. ముందు నిలబడింది ముప్పై ఏడో ఇంటి మునీశ్వరి.

"ఏమ్మా, వీరమ్మాళ్ పెద్దమ్మకు సాంపూ ఇస్తివంటనే. నాకేల లేదు? నాది తల కాదా, టెంకాయా?"

"అక్కా, నేను ఎవరికీ ఏమీ ఇవ్వలే..."

"నా వాకిలి దాటుకొని పోతివి, చూస్తానే ఉంటి. ఐదో ఇల్లు, ఐదో ఇల్లుగా పోతివి! వరసకొక కొళాయి. అది కడపటి ఇంటి ముందరే. కొళాయీ వాళ్లకే, సాంపూ కూడా వాళ్లకేనా?"

కార్తిక సంచీ భుజం మీంచి దించింది.

"మీకు నీళ్లకు ఎంతసేపు పడుతుందక్కా?"

"వాళ్లు పట్టుకొని మా వంతు వచ్చేతలికి కొళాయి ఆగిపోతుంది. ఆనక బావికి పోవాల. రెండు గంటలు."

వెనకనుంచి ఇంకో గొంతు "రెండున్నర" అని సవరించింది.

కాలనీ కట్టిన మేస్త్రీ ఐదిళ్లకొక కొళాయి పెట్టాడు. కార్తిక ఐదిళ్లకొక ప్రశ్న పెట్టింది. ఇద్దరూ పద్ధతి తప్పలేదు. ఇద్దరి అడుగులూ ఒక్కచోటే పడ్డాయి. ఇరవై ఇళ్లవాళ్లూ చెప్పింది నిజమే. వాళ్ల జవాబులు కలిపి కార్తిక గీత గీసి రాసిన మాట మాత్రం అబద్ధం.

విరుదునగర్ బస్సు వచ్చి ఆగింది. ఎక్కితే రేపు పదింటికి లెక్కలు బల్లమీద ఉంటాయి. మేడమ్ ఈ కాలనీకి వచ్చి కొళాయిలు లెక్కపెట్టదు. కండక్టరు విజిల్ వేశాడు. కార్తిక ఎక్కలేదు.

బస్సు లేపిన దుమ్ము సర్దుకున్నాక ఫోన్ చేసింది.

"మేడమ్, నా ఇరవై ఇళ్లూ కొళాయి ఇళ్లే."

మేడమ్ ఒకటే అడిగింది.

"బస్సెక్కావా?"

"లేదు మేడమ్."

"అయితే రెండు రోజులిస్తాను. ఆ ఇరవై కాగితాలు చించకు. తప్పు ఎలా జరిగిందో ముందు రాయాలి."

అప్పటికి వీరమ్మాళ్ కూడా వచ్చింది, శాంపూ ఇంకా రాలేదని. కార్తిక అందర్నీ కూర్చోబెట్టింది.

"అన్నం ఉడికిందో లేదో చూసేదానికి ఎన్ని మెతుకులు పట్టి చూస్తారు?"

"ఒకటి రెండు" అన్నారు.

"అట్లా నూరిళ్ల సంగతి తెలిసేదానికి ఇరవై ఇళ్లు. దాని పేరు శాంపిల్."

"కుండ కలపకుండా పైమెతుకు పట్టితివి మే" అంది వీరమ్మాళ్. "అడుగు మాడింది ఎట్లా తెలుస్తుంది?"

కార్తిక ఆ మాట రాసుకుంది. 'కలపకుండా'లోనే కుండ ఉందని రాశాకగానీ కనపడలేదు.

ఆ ఊళ్లో అగ్గిపెట్టెలకు కరువా? నూరు ఖాళీ పెట్టెల్లో నూరు ఇంటి నంబర్లు పెట్టి, మునీశ్వరి బిందెలో పోసి, ఇద్దరు పట్టి ఊపారు. కళ్లు మూసుకుని ఇరవై తీశారు. కొళాయి ఇళ్లు నాలుగే వచ్చాయి. వీరమ్మాళ్ ఇల్లు రాలేదు. మునీశ్వరిదీ రాలేదు.

"బిందె నాది, నా ఇల్లే రాలేదే!"

వీరమ్మాళ్ లేచి నిలబడి, వెనక వరుసకు కూడా వినపడేట్టు విడమరిచింది.

"వినండే అందరూ! నేను విన్నదే తప్పు. ఇది సాంపూ కాదు, సాంపిల్. సాంపూ అయితే తలకొకటి. సాంపిల్ అయితే ఎవురి తల వస్తుందో బిందెకే తెలుసు."

"అయితే సాంపూ?"

"ఎవురికీ లేదు. లేవండి, సాయంకాలం కొళాయి వచ్చే వేళ."