జమున గీసిన దీవుల దారి

రెండో వేవ్ తగ్గి సూరత్ బట్టల మార్కెట్లు మళ్లీ తెరుచుకున్న వానాకాలానికి, భారతీబెన్ ట్రావెల్ ఆఫీసులో మిగిలింది ఇద్దరే. ఒకరు భారతీబెన్, ఇంకొకరు జమున. కరోనాకు ముందు ఉధనా దర్వాజా దగ్గరి ఆ రెండు గదుల ఆఫీసులో ఆరుగురు పనిచేసేవాళ్లు. దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్ అంటూ ఫోన్లు మోగుతూనే ఉండేవి. జమున అప్పట్లో మూల బల్ల దగ్గర కూర్చుని రైలు టికెట్లు తీసేది. విమానాలు ఆగిపోయి ఒక్కొక్కరే వేరే పనులు వెతుక్కుంటూ వెళ్లిపోయినా, ఆమె మాత్రం నవాగామ్‌లోని ఇంటి నుంచే ఫోను పట్టుకుని, ప్రయాణాలు రద్దయినవాళ్లందరికీ ఓపికగా జవాబు చెబుతూ ఉండిపోయింది.

ఆమె తండ్రి రఘుపతి పాతికేళ్ల కిందట సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి పాండేసరలో ఒక రంగుల మిల్లులో కుదురుకున్నాడు. జమున పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ. మూడింట్లో ఎందులోనూ తడుముకోదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం చీరల హోల్‌సేల్ వ్యాపారి హస్ముఖ్‌భాయ్ ఆఫీసుకు వచ్చాడు. ఆయన తల్లి జసుబాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఏప్రిల్‌లో కరోనాతో ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని, జన్మంతా నీలి సముద్రాన్ని టీవీలోనే చూశాను, బతికి బయటపడితే ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవలో తిప్పమని అడిగిందట. ఆయన మాటిచ్చాడు. జనంతో కిక్కిరిసిన ఫెర్రీ వద్దు, ఇంట్లో ఏడుగురికీ కలిపి ఒక యాట్ కావాలి, దాంట్లోనే తిని, దాంట్లోనే పడుకోవాలి, నాలుగు రోజులు. తల్లిని ఈ పరిస్థితుల్లో దేశం దాటించలేడు కాబట్టి అండమాన్. మార్కెట్ మూసి ఉండే దీపావళి సెలవుల్లో వెళ్లాలి.

భారతీబెన్ ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా యాట్ ప్రయాణం ఒక్కటీ కట్టలేదు. మా వల్ల కాదని చెప్పడానికి ఆమె నోరు తెరవబోతుండగా జమున గుజరాతీలో, ‘చేస్తాం కాకా, రెండు వారాలు టైమివ్వండి’ అనేసింది. ఆయన వెళ్లాక భారతీబెన్ ఆమె వంక చాలాసేపు చూసింది. మాట ఇచ్చింది నువ్వు, మొదటి నుంచి చివరిదాకా నువ్వే చూసుకో అంది.

మర్నాటి నుంచి జమున పోర్ట్‌బ్లెయిర్ నంబర్లు పట్టుకుని ఫోన్లు మొదలుపెట్టింది. చాలామంది గంటలెక్కన స్పీడుబోటు ఇస్తామన్నారు. రాత్రి పడుకునే పడవ అంటే నవ్వారు. తొమ్మిదో నంబరులో ఎత్తిన మనిషి హిందీలో మాట్లాడుతూ మాట్లాడుతూ, పక్కనెవరినో ‘ఆ తాడు గట్టిగా కట్రా, జారిపోతంది’ అని తెలుగులో కసిరాడు. జమున ఒక్క క్షణం ఆగి, ‘అన్నా, మీరు తెలుగోళ్లా?’ అంది.

ఆయన పేరు లింగమూర్తి. తాత శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వలస పోయినవాడు. లింగమూర్తి అక్కడే పుట్టి, పద్దెనిమిదేళ్లుగా పడవలు నడుపుతూ, ఇప్పుడు నాలుగు గదులున్న తెరచాప యాట్‌కు కెప్టెన్‌గా ఉన్నాడు. సూరత్‌లో తెలుగు పిల్ల ఉండటం ఆయనకు వింత. అండమాన్‌లో తెలుగు కెప్టెన్ ఉండటం జమునకు వింత. ఆయన ‘ఏటి’ అనేవాడు, ఈమె ‘ఏంది’ అనేది. ఒకరి యాస ఒకరికి అలవాటవడానికి నాలుగు రోజులు పట్టింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి, ఆయన పడవ రేవులో ఉండే వేళకు, జమున ఫోను చేసేది. ఏ దీవి దగ్గర లంగరు వేయవచ్చో, ఎక్కడ రాతి దిబ్బలున్నాయో, దేనికి ఎవరి అనుమతి కావాలో అడిగి రాసుకునేది. మొదటి ప్రణాళికలో ఏడుగురికీ రెండు పూటలా స్నానం అని రాసి పంపింది. లింగమూర్తి పగలబడి నవ్వి, చుట్టూ సముద్రమే గానీ ట్యాంకులో మంచినీళ్లు రెండో రోజుకే అయిపోతాయని చెప్పాడు. ఆమె సిగ్గుపడలేదు. ఏ దీవిలో ఎన్ని నీళ్లు నింపుకోవచ్చో అడిగి, మొత్తం మళ్లీ రాసింది. హస్ముఖ్‌భాయ్ ఇంట్లో చేప వండిన గిన్నెలో వండింది ముట్టరు కాబట్టి, పడవకు కొత్త గిన్నెలు, కొత్త పొయ్యి కొనిపించే ఏర్పాటు చేసింది. నిలవుండే థేప్లా, ఖాఖ్రా రొట్టెలు సూరత్ నుంచి వెళ్తాయి. కూరగాయలు ఏ దీవిలో సంత ఉంటే ఆ దీవిలో.

అన్నీ కుదిరాయి గానీ ఒక్కటి తెమలలేదు. జసుబా మోకాళ్లు. ఆమె ఇంట్లో రెండు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకుంటుంది. జెట్టీ మీది నుంచి పడవలోకి తడి మెట్ల మీదుగా దిగాలని, కొన్ని చోట్ల ఆ మెట్లు ఆరేడు ఉంటాయని లింగమూర్తి చెప్పాడు. ఎత్తి దింపుతామన్నాడు. జమునకు అది నచ్చలేదు. సముద్రం చూడాలని ఆశపడ్డ మనిషిని మూటలాగా ఎత్తి దింపడమేమిటి?

ఆ ఆదివారం రఘుపతికి సెలవు. కూతురు అన్నం ముందు పెట్టుకుని ఆలోచనలో పడటం చూసి, సంగతేమిటని అడిగాడు. చెప్పింది. అంతా విని ఆయన, పద డుమస్ పోదామన్నాడు. తండ్రీకూతుళ్లు పాత స్కూటర్ మీద డుమస్ బీచికి వెళ్లేసరికి సముద్రం ఎక్కడో దూరాన ఉంది. కంటి చూపు ఆనినంత మేరా నల్లటి బురద. ఇద్దరూ వేడివేడి టమాటా భజియాలు తింటూ గట్టు రాళ్ల మీద కూర్చున్నారు. చూస్తుండగానే నీళ్లు వెనక్కి రావడం మొదలైంది. ముందు బురదలో సన్నటి గీతల్లా, తర్వాత పాయల్లా, ఆ తర్వాత ఎడతెగకుండా. మూడు గంటల్లో వాళ్ల కాళ్ల కింది రాళ్ల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి మునిగిపోయాయి.

రఘుపతి ఆ రాళ్లనే చూస్తూ అన్నాడు. ‘బిడ్డా, ఆడ సుత నీళ్లు గిట్లనే ఎక్కుతయా?’

‘ఇంత ఎత్తుకు కాదు బాపు. గానీ ఎక్కుతయి.’

‘నీళ్లు ఎక్కితే పడవ సుత మీదికి లేస్తది గద. జెట్టీకి సమానంగ లేసినప్పుడే ముసలమ్మను ఎక్కిస్తే మెట్లు దిగే పనేముంది?’

జమున తండ్రి వంక చూసింది. జీవితమంతా ఆవిరి కక్కే రంగు నీళ్ల దగ్గర నిలబడ్డ మనిషి. ఏ పుస్తకమూ చూడకుండా, రాళ్లను చూసి కనిపెట్టాడు. ఆమె అప్పటికప్పుడు గట్టు మీది నుంచే లింగమూర్తికి ఫోను చేసి, ఏ రోజు ఏ వేళకు నీళ్లు జెట్టీకి సమంగా వస్తాయని అడిగింది.

‘ఇన్నేళ్లలో ఏ ఏజెంటూ నన్నీ మాట అడగలేదు సెల్లెమ్మా’ అన్నాడాయన.

‘అడిగింది నేను కాదన్నా, మా బాపు’ అంది జమున. రఘుపతి వినబడనట్టే సముద్రం వైపు తిరిగాడు గానీ, ఇంటికి వచ్చేదాకా ఆయన ముఖం వెలుగుతూనే ఉంది.

పోటు వేళల పట్టిక తెప్పించుకుని జమున దారి మళ్లీ గీసింది. పున్నమి, అమావాస్య రోజుల్లో అక్కడ పొద్దున పదింటి ప్రాంతంలో నీళ్లు నిండుతాయి. ఆ తర్వాత రోజురోజుకూ ముప్పావు గంట ఆలస్యమవుతుంది. జసుబా పూజ, టిఫిను ముగించుకుని నింపాదిగా ఎక్కవచ్చు. పడవ ఎక్కే, దిగే ప్రతి వేళా దాన్ని బట్టే రాసింది. ఒక్కో రోజుకు ఒక్కో మారు చోటు కూడా రాసింది. ఇక్కడ అల ఎక్కువగా ఉంటే అక్కడికి, అని.

అయితే నెల దగ్గర చిక్కు వచ్చింది. దీపావళి సంగతి అడిగితే లింగమూర్తి దాచలేదు. ‘రావొద్దని నానెవరికీ సెప్పను, నాకూ గిరాకీ కావాల. కానీ నువ్వు ముసలమ్మని తెస్తానంటున్నావు. ఆ రోజుల్లో గాలి ఎటు తిరుగుద్దో నాకే తెలీదు. సముద్రం నెమ్మదించేది సంక్రాంతి దాటాకే.’

జమున, భారతీబెన్ కలిసి వేసూలోని హస్ముఖ్‌భాయ్ ఇంటికి వెళ్లారు. గీసిన దారి బల్ల మీద పరిచి, ప్రయాణం మాఘ పున్నమికి పెట్టుకుందామని జమున చెప్పింది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఫిబ్రవరిలో కొట్టు ఎవరు చూస్తారన్నాడు. ఇంకో ఏజెంటు దీపావళికే కుదురుస్తానంటున్నాడని చెప్పాడు. చివరికి, ‘అసలు నువ్వెప్పుడైనా సముద్రంలో పడవ ఎక్కావా?’ అని అడిగాడు.

భారతీబెన్ తల వంచుకుంది.

‘ఎక్కలేదు కాకా’ అంది జమున. ‘అందుకే రోజూ ఎక్కేవాళ్లను అడిగి ప్రతి గంటా రాసుకున్నాను. దీపావళికే వెళ్లాలంటే ఆయనతోనే వెళ్లండి, నేనేమీ అనుకోను. కానీ ఆ వారం జసుబాను పడవ ఎక్కించే పని నేను చెయ్యను.’

ఆరు నెలల తర్వాత ఆఫీసుకు వచ్చిన మొదటి పెద్ద పని అది. చేతులారా పోగొట్టుకుందేమో. హస్ముఖ్‌భాయ్ ఏదో అనబోయాడు. అప్పటిదాకా మూల సోఫాలో కూర్చుని వింటున్న జసుబా ఆ కాగితం ఇటు తెమ్మంది. కళ్లజోడు పెట్టుకుని, తన పేరు పక్కన రాసి ఉన్న వేళలన్నీ వేలితో తడుముతూ చూసింది. ఇరవై రోజులు ఆసుపత్రి మంచం మీద పడున్నదాన్ని, మూడు నెలలు ఆగలేనా అంది కొడుకుతో. అంతటితో నెల ఖాయమైంది.

దీపావళి వెళ్లిన వారంలో లింగమూర్తి ఒక ఫొటో పంపాడు. బూడిదరంగు వానలో రేవు నిండా కట్టేసిన పడవలు. ఐదు రోజులుగా ఒక్కటీ కదల్లేదని రాశాడు. జమున ఆ ఫొటో భారతీబెన్‌కు చూపించింది గానీ, హస్ముఖ్‌భాయ్‌కి పంపలేదు. భారతీబెన్ మాత్రం తనంతట తానే పంపింది.

జనవరిలో మళ్లీ కేసులు పెరిగాయి. హస్ముఖ్‌భాయ్ ఇంట్లోనే ముగ్గురు పడకేశారు. నవాగామ్ గల్లీ గల్లీలో దగ్గులు. ప్రయాణం ఉంటుందో లేదో తెలియకపోయినా జమున ఒక్క ఏర్పాటూ వదులుకోలేదు. ఫిబ్రవరి మొదటి వారానికి జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. ఏడుగురికీ పరీక్షలు చేయిస్తే ఏడూ నెగెటివ్ వచ్చాయి. విమానం ఎక్కే రోజు జమున ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి, జసుబా చక్రాల కుర్చీ లోపలికి వెళ్లి కనుమరుగయ్యేదాకా నిలబడింది.

మాఘ పున్నమి నాడు పొద్దున పదిన్నరకు ఫోనులో వీడియో వచ్చింది. జెట్టీ అంచు, దాని పక్కనే తెల్లటి పడవ, రెండూ ఒకే ఎత్తులో. జసుబా ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో లింగమూర్తి భుజం పట్టుకుని, గడప దాటినట్టు ఒక్క అడుగు వేసి లోపలికి వెళ్లింది. ఎవరూ ఎత్తలేదు. భారతీబెన్ ఆ వీడియో మళ్లీ పెట్టమని మూడుసార్లు అడిగి, కళ్లు తుడుచుకుంది.

మూడో రోజు అనుకున్న దీవి దగ్గర అల లేచింది. లింగమూర్తి జమున రాసిన మారు చోటికి తిప్పాడు. అక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయట. జసుబా పడవ అంచున కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి, మధ్యాహ్నం దాకా లేవలేదట. ఆ సాయంత్రం హస్ముఖ్‌భాయ్ స్వయంగా ఫోను చేశాడు. ఫిబ్రవరి అన్నది నువ్వే కదా బేటీ అని మాత్రం అన్నాడు.

వాళ్లు తిరిగొచ్చిన నెలలోనే మరో రెండు కుటుంబాలు యాట్ కావాలని వచ్చాయి. రెండు ఇళ్లవాళ్లూ అడిగింది జమునబెన్‌నే. భారతీబెన్ ఆమె బల్లను మూల నుంచి ముందు గదిలోకి జరిపించింది.

ఆ ఆదివారం పొద్దున, రఘుపతితో మిల్లులో పనిచేసే లస్మయ్య ఇంటికి వచ్చాడు. ఆయన ఛాయ్ తాగకముందే రఘుపతి కూతురి కాగితం మంచం మీద పరిచి, ఇది జెట్టీ, ఇది దీవి, ఇగో ఇది పోటు అంటూ చెప్పడం మొదలుపెట్టాడు. జమున వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తండ్రి మాటల్లో కెప్టెన్ పద్దెనిమిదేళ్ల అనుభవం ముప్పై ఏళ్లయింది. నాలుగు గదుల పడవ ఎనిమిది గదులదైంది. డుమస్‌లో రాళ్లు చూసి తానన్న మాట ఆయన అసలు చెప్పనే లేదు. అంతా బిడ్డే కనిపెట్టిందన్నాడు. చివరికి ఆ నాలుగు రోజులకు పున్నమి వెన్నెలను కూడా తన బిడ్డే ఏర్పాటు చేసిందన్నట్టు చెబుతున్నాడు.

జమున దేన్నీ సరిదిద్దలేదు. లస్మయ్యకు ఇంకో కప్పు ఛాయ్ పోసి, తండ్రి పక్కన మంచం మీద కూర్చుంది.