మోళ్ల గదికి సీలు

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం మేము తిన్నది ఉడకబెట్టిన గుడ్లూ, ఒకవైపు మాడిన రొట్టే. మాడినవైపు కిందికి తిప్పి నా పళ్లెంలో పెట్టాడు మా బావమరిది. వాళ్లక్క పోయిన ఈ నాలుగేళ్లలో వంటలో అతను నేర్చుకున్న మర్యాద అది.

తనిఖీకి వచ్చిన అమ్మాయికి మాత్రం మాడని రొట్టె దొరికింది. పొగాకు కొనే కంపెనీ పంపింది ఆమెను. నేలకూ చెట్లకూ చేటు చేయకుండా పండించామని ఆమె రాస్తేనే మాకు కార్డు వస్తుంది. కార్డు ఉంటేనే మా ఆకు కొంటారు. పొద్దుటి నుంచీ గట్లూ, బావీ, ఎరువు గుంతా అన్నీ కొలుస్తూనే ఉంది. మావాడు ఆమెకు టేపు మేడం అని పేరు పెట్టాడు, ఆమెకు వినపడేంత దగ్గర నిలబడి.

మా దగ్గర చూపించుకోదగ్గది ఒక్కటే. కోతలు అయ్యాక పొలంలో పొగాకు మోళ్లు మిగులుతాయి. అందరూ వాటిని అక్కడే తగలబెట్టి, ఆకు ఆరబెట్టే బ్యారన్ పొయ్యి కోసం చెట్లు కొట్టించుకొస్తారు. ఒక చేత్తో కట్టె తగలేసి ఇంకో చేత్తో కట్టె కొనడమేమిటని మా ఆవిడ అడిగింది. కాలేజీలో రసాయనశాస్త్రం చదివినవాణ్ణి నేను. నాకు తట్టలేదు. ఆవిడ మోళ్లను వేళ్లతో సహా పీకించి, మన్ను దులిపించి, జానెడు ముక్కలు నరికించి, ఎండబెట్టి, మరుసటి ఏటికి గదిలో దాచింది. అప్పటినుంచీ మా పొయ్యిలోకి ఒక్క చెట్టు దుంగ వెళ్లలేదు.

"గది చూడండి మేడం" అని తలుపు తీశాడు మావాడు. నడుమెత్తున మోళ్లు. నాకే ఆశ్చర్యం వేసింది. నిన్న అన్ని లేవు.

టేపు మేడం పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, ఫోటో తీసి, తలుపు మూసి, గొళ్లేనికి పసుపు రంగు ప్లాస్టిక్ సీలు బిగించింది.

"ముప్పై రోజులు తియ్యకూడదండి. సీలు తెగితే కార్డు రాదు."

"మరి వాడుకోవద్దా?" అన్నాను.

"వాడుకుంటున్నారని రుజువయ్యాక వాడుకోవచ్చు." పాపం, నవ్వకుండానే చెప్పింది.

మా బావమరిది ఆ సీలు వంక చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. నన్ను బ్యారన్ వెనక్కి లాక్కుపోయాడు.

"బావా, పొయ్యి దగ్గర పెట్టుకున్న మోళ్లు కూడా ఆ గదిలోనే పోశాను."

"ఎన్ని?"

"అన్నీ. నిండుగా కనబడితే బాగుంటుందని."

"బయట ఎంత ఉంది?"

"ఒక్క తట్ట. పొద్దుగూకేదాకా లాక్కురావచ్చు."

బ్యారన్‌లో ఆకుకు అది ఐదో రోజు. రంగు తిరిగింది, ఆకు ఆరింది, ఈనెలు ఆరడమే మిగిలింది. ఇప్పుడు వేడి తగ్గితే ఈనెలో తడి వెనక్కి పాకి, బంగారంలాంటి ఆకు నల్లబడుతుంది. ఇంకో రెండు రోజులు మంట ఆరకూడదు. దానికి ఆ గదిలో ఉన్నదంతా కావాలి. మా పంటలో ఐదో వంతు ఆ నాలుగు గోడల మధ్య వేలాడుతోంది.

"పక్కాయన దగ్గర దుంగలున్నాయి" అన్నాడు మావాడు.

పక్క పొలం పెద్దమనిషి తన మోళ్లను పొలంలోనే తగలబెడతాడు. ఒక్క కుప్పను మాత్రం టార్పాలిన్ కింద మూడేళ్లుగా కాపాడుకొస్తున్నాడు. ఏటా ఆ కుప్పకే సీలు, ఆ కుప్పకే నూటికి నూరు. కొట్టించిన దుంగలు దాని వెనకే ఉంటాయి.

"అంటే చెట్లు కాల్చలేదని కార్డు రావాలంటే మనం చెట్లు కాల్చాలి."

"వేళాకోళం తర్వాత ఆడుదువుగాని. ఆకు పోతుంది."

"సీలు తెంపేద్దాం."

"కార్డు లేని ఆకు బంగారమైతే మాత్రం ఎవడిక్కావాలి? దండ గుచ్చి మెళ్లో వేసుకుందామా?"

నేను గోడకేసి చూశాను. మా ఆవిడ సుద్దతో రాసిన మాటలు ఇంకా ఉన్నాయి: 'ఈనె విరిస్తే టప్పుమనాలి. అప్పటిదాకా మంట తగ్గనివ్వద్దు.' చూరు కింద వాన తగలని చోటు వెతికి రాసింది. దుంగలు తెమ్మని నా నోటి నుంచి రాలేదు. వద్దని కూడా రాలేదు.

టేపు మేడం వెళ్లిపోయి ఉంటే ఏం చేసేవాళ్లమో చెప్పలేను. ఆమె బండి పంక్చరైంది. బాగుచేసే మనిషి చీకటి పడితేగానీ రానన్నాడు. బ్యారన్ అరుగు మీద కూర్చుని ఫారాలు నింపుకుంటోంది. మావాడు తట్టలోంచి ఒక్కో మోడూ లెక్కపెట్టినట్టు పొయ్యిలో వేస్తున్నాడు. సాయంత్రానికి తట్ట అడుగు కనబడింది. గోడకున్న చిన్న అద్దంలోంచి కనబడే లోపలి థర్మామీటరు డెబ్బై డిగ్రీల నుంచి అరవై ఆరుకు దిగింది.

"ఎందుకు సార్, అస్తమానం ఆ అద్దంలోకి చూస్తున్నారు?"

చెప్పేశాను. గది నిండుగా కనబడాలని చేసిన ఘనకార్యంతో సహా.

"అయిపోయింది" అన్నాడు మావాడు తట్ట బోర్లించి. "అబద్ధమాడటం మా బావకి కాలేజీలో నేర్పలేదు మేడం."

ఆమె లేచి వచ్చి అద్దంలోకి చూసింది. అరవై అయిదు.

"మధ్యాహ్నమే చెప్పొచ్చు కదండీ?"

"మీరు ఫారం చదువుతున్నారు."

ఆమె ఆ ఫారాన్నే మళ్లీ తీసి, వేలు పెట్టి చదివింది.

"సీలు సరిగా ఉందా లేదా అని గడి ఉంది. సీలు వేశాక లోపల ఎంత ఉందో రాయడానికి గడి లేదు." సంచీలోంచి చిన్న కత్తెర తీసింది. "వంకరగా బిగిస్తే మార్చమని రెండు సీళ్లు ఎక్కువిస్తారు. ఇది వంకరగా ఉంది, చూశారా?"

ఆ సీలు గీత గీసినట్టు తిన్నగా ఉంది. నేను కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను. టక్కున సీలు తెగిన చప్పుడు వినబడింది.

చొక్కా చేతులు పైకి మడిచి ఆమె కూడా తట్ట ఎత్తింది. ముగ్గురం మోస్తుంటే గది తొందరగానే ఖాళీ అయింది. పొయ్యి గర్రుమంది. థర్మామీటరు పైకి కదిలింది.

"ముప్పై రోజులయ్యాక ఈ ఖాళీ గది చూసి ఏమని రాస్తారమ్మా?" అన్నాను.

"వాడుకున్నారని. నిజమే కదా సార్."

"పక్కాయనకి మళ్లీ నూరేనా మేడం?" అన్నాడు మావాడు.

"నూట రెండు. పోయినేడు ఆ కుప్పలో పిల్లి ఈనింది. పొలంలో జీవజాలాన్ని కాపాడినందుకు రెండు మార్కులు కలిపారు."

మావాడు నవ్వీ నవ్వీ దగ్గాడు. తర్వాత నా కోసం కాకుండా ఆమె కోసం రొట్టె కాల్చడానికి లోపలికి వెళ్లాడు. చీకటి పడుతోంది. ఆమె గది మూలన పడి ఉన్న నాలుగు మోళ్లు ఏరి నా చేతిలో పెట్టి, చీపురు తీసుకుని నేల ఊడ్చింది. ఊడ్చాక ఒకసారి నలువైపులా చూసి, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి, గొళ్లెం పెట్టి, కొత్త సీలు బిగించింది.