ఆగయ్య ఎత్తిన చెయ్యి

గేటు ముందున్న మూడు మెట్ల మీద చెక్కలతో వాలుబాట వెయ్యాలి. దానికి ఎర్ర తివాచీ కప్పాలి. పాయఖానా కడిగి, తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ అంటించాలి. దండలు తేవాలి. ఆగయ్యకు గడ్డం గీయించి, కొత్త చొక్కా తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తేవాలి.

బతకడానికి మేం వలసొచ్చిన ఉధ్నాలో, మా మరమగ్గాల కార్ఖానా సేఠ్ ఆ పొద్దున మేస్త్రీకి చెప్పిన పనులివి. వికలాంగులకు దారి కల్పించిన కార్ఖానాలకు వ్యాపారుల సంఘం సన్మానం చేస్తుంది. ఈసారి మా సేఠ్‌కు.

ఆగయ్య మాతోపాటు మగ్గాలు నడిపినవాడే. నిరుడు నూలు చుట్టిన బరువైన ఇనుప బీము జారి మీద పడితే రెండు కాళ్లూ పోయాయి. కూర్చుని కండెలు చుట్టే పనైనా ఇమ్మని ఎంతో బతిమాలాడు. మెట్లెక్కలేనివాడికి పనెక్కడిదన్నాడు సేఠ్.

టీ బండి దగ్గర, ఆగయ్య కుర్చీ పక్కన నిలబడి, అతని భార్య భాగీరథి మమ్మల్ని నిలదీసింది.

"ఫోటో దిగంగనే ఆ చెక్కలు మండపపోళ్లు తీస్కపోతరట. కిరాయివి. ఈయన మళ్ల ఆ ఇరుకు ఖోలీల మూలకు పండాల్నా?"

"జర ఊకో వదినె," అన్నాడు సోమలింగం. "లొల్లి జేస్తే మా పనులు గూడ పోతయ్."

"రేపు నీ మీద బీము వడ్తె, గప్పుడు గూడ ఊకోమంటవా తమ్మీ?"

ఆగయ్య కొత్త చొక్కా గుండీ సర్దుకుంటూ అన్నాడు: "పెండ్లికొడుకును జేసిండ్రు గద, దండ ఏపిచ్చుకుంట. దండ వడంగనే చెయ్యెత్తుత. మీ ఇష్టం ఇగ."

మగ్గాల మోతలో మాట వినబడదు. అరచెయ్యి పైకెత్తితే మర ఆపమని. అది మాకే తెలుసు.

సన్మానం మగ్గాల నడుమే జరిగింది. ఆగయ్య మెడలో దండ పడింది. ఆగయ్య చెయ్యెత్తాడు. సలాం చేస్తున్నాడనుకుని పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. మొదట సోమలింగం మగ్గం ఆగింది. తర్వాత ఆ వరుస. తర్వాత కార్ఖానా అంతా. చప్పట్లు మాత్రమే మిగిలాయి. అవీ ఆగిపోయాయి.

"సాబ్, ఈ బాట రేపు ఉంటదా?" ఆగయ్య సేఠ్‌ను హిందీలో అడిగాడు.

సేఠ్ నవ్వి, అతిథులను ఫలహారాలకు తీసుకుపోయాడు.

వాళ్ల కార్లు కదలగానే మండపపోళ్ల టెంపో వచ్చింది. భాగీరథి వెళ్లి తివాచీ మీద కూర్చుంది. ఆమె పక్కన సోమలింగం. తర్వాత మేమందరం. ఆగయ్య కుర్చీ మా నడుమ.

సేఠ్ పిలిపించిన పోలీసులు లాఠీలతో మమ్మల్ని చెదరగొట్టారు. వాళ్ల బండికీ మెట్లే ఉన్నాయి. ఆగయ్యను గుడ్డ తానులా నలుగురు ఎత్తి లోపల పడేశారు. తలుపు మూసేదాకా అతని చెయ్యి పైకే ఉంది.

చెక్కలు పోయాయి. సాయంత్రం షిఫ్టు వచ్చింది. గేటు తెరిచే ఉంది, ముందు అవే మూడు మెట్లు. ఎక్కనివాళ్లకు రేపటి నుంచి పని లేదని మేస్త్రీ అరిచాడు. ఒక్కరూ ఎక్కలేదు.

ఆగయ్య ఇంకా ఠాణా నుంచి బయటికి రాలేదు. మగ్గాలతోపాటు మా పొయ్యిలూ ఆగాయి. మెట్ల కిందే కూర్చుని ఉన్నాం. చదువుకునే తమ్ముళ్లూ, పనికి పోయే అన్నలూ, మీరు రోజూ ఎక్కే మెట్ల దగ్గర ఒక్కసారి ఆగండి. ఆగయ్యను గుర్తుపెట్టుకోండి.